పైపూత మందుకూ కొలత ఉంది

సంపాదకులు గారికి నమస్కారం.

మోకాళ్ల నొప్పుల మీద మీ పత్రిక ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. నడక గురించి, బరువు తగ్గడం గురించి అందులో చెప్పిన సంగతులతో నాకు పేచీ లేదు. వ్యాసం చివర, మాత్రలు పడనివారు నొప్పి నివారణ జెల్‌ను ఎంతకాలమైనా నిశ్చింతగా రాసుకోవచ్చునన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చున్నవారికి, రాసిన చీటీకీ రోగి ఇంట్లో నిజంగా జరిగేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో బాగా తెలుస్తుంది. జెల్ విషయంలో ఆ దూరం మరీ ఎక్కువ.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ జెల్‌లు పనికిరానివని నేను అనడం లేదు. మోకాలి కీలు అరుగుదలకు, అంటే మనవాళ్లు "గుజ్జు అరిగిపోయింది" అనే జబ్బుకు, డైక్లోఫెనాక్ వంటి వాపు తగ్గించే మందును పైపూతగా వాడమని బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పూతతో ఫలితం లేనప్పుడో, అది సరిపడనప్పుడో మాత్రల గురించి ఆలోచించమన్నాయి. అమెరికాలోని కీళ్ల వైద్యుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో ఇచ్చిన సూచనలలో కూడా మోకాలి విషయంలో పైపూత మందుకు గట్టి మద్దతే ఉంది. (మన మందుల దుకాణాలలో గుజ్జు కోసమని నెలల తరబడి కొనిపించే గ్లూకోసమిన్ మాత్రలను మాత్రం ఈ రెండు సంస్థలూ వద్దన్నాయి, ఆ సంగతి మీ వ్యాసంలో లేదు.) అలాగని ఆశలు మరీ పెంచుకోనక్కరలేదు. దీర్ఘకాలిక కీళ్ల నొప్పులకు వాడే పూతలపై జరిగిన పరీక్షలన్నింటినీ 2016లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసినప్పుడు, డైక్లోఫెనాక్ పూసుకున్న పదిమందిలో సుమారు ఆరుగురికి నొప్పి బాగా తగ్గినట్టు తేలింది. మందు లేని ఉత్త జెల్ పూసుకున్నవారిలో కూడా పదింట అయిదుగురికి అలాగే తగ్గింది. అంటే మందు వల్ల కలిగే అదనపు మేలు నిజమైనదే గాని, పరిమితమైనది. ప్రకటనలో చూపించినట్టు రాసిన మరుక్షణం మెట్లెక్కి పరుగెత్తడం జరగదు. వరుసగా రాస్తూ పోతే గుణం కనిపించడానికి వారం రోజుల వరకు పట్టవచ్చు.

ఈ మందును మాత్ర కంటే మేలైనదిగా ఎంచడానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. కీలులో వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను డైక్లోఫెనాక్ తగ్గిస్తుంది. కాని అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడుతుంటాయి, మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గకుండా చూస్తుంటాయి. మాత్ర మింగినప్పుడు మందు ఒళ్లంతా తిరిగి నొప్పితోపాటు ఆ రక్షణను కూడా దెబ్బతీస్తుంది. మోకాలు చర్మానికి దగ్గరగా ఉన్న కీలు కనుక పైన రాసిన మందులో కొంత నేరుగా అక్కడికి చేరుతుంది; రక్తంలోకి వెళ్లేది తక్కువ. 1 శాతం జెల్‌ను ఒక మోకాలికి రోజుకు 16 గ్రాముల చొప్పున పూసినప్పుడు, ఒంట్లోకి చేరిన మందు మాత్రలు వేసుకున్నప్పుడు చేరేదానిలో సుమారు 6 శాతమని ఆ మందు వివరపత్రంలోనే ఉంది. అయితే అదే జెల్‌ను రెండు మోకాళ్లకూ రెండు చేతులకూ కలిపి రోజుకు 48 గ్రాములు పూసినప్పుడు అది 20 శాతానికి చేరిందని కూడా అక్కడే ఉంది. తుంటి కీలు కండరాల అడుగున లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పూత నుంచి పెద్దగా ఆశించేది లేదు.

ఇక కొలత సంగతి. అమెరికాలో ఈ 1 శాతం జెల్‌కు 2007లో డాక్టరు చీటీ మీద అనుమతి వచ్చింది. చీటీ లేకుండా అమ్ముకోవడానికి 2020 ఫిబ్రవరిలో అనుమతించారు. అక్కడ పెట్టెలో ట్యూబుతోపాటు గీతలు గీసిన కొలత కార్డు ఒకటి వస్తుంది. దాని మీద నాలుగున్నర అంగుళాల పొడవున జెల్‌ను పిండితే 4 గ్రాములవుతుంది. అది ఒక మోకాలికి ఒక పూట మోతాదు. రోజుకు నాలుగుసార్లు, అంటే ఒక మోకాలికి 16 గ్రాములకు మించకూడదు, ఒళ్లంతటికీ కలిపి 32 గ్రాములు దాటకూడదు, డాక్టరు చెప్పకుండా 21 రోజులకు మించి వాడకూడదు. బ్రిటన్‌లో పూటకు 2 నుంచి 4 గ్రాములు, రోజుకు మూడు నాలుగుసార్లు అంటారు. మన దగ్గర దొరికే ట్యూబు సాధారణంగా 30 గ్రాములది. పైన చెప్పిన పూర్తి మోతాదున వాడితే అది రెండు రోజులకు కూడా రాదు. పలాస చుట్టుపక్కల నేను చూసిన ఇళ్లలో ఆ ఒక్క ట్యూబును నెలంతా సరిపెడతారు. చింతగింజంత జెల్ తీసి రెండు మోకాళ్లకూ రాసి, పిక్కల దాకా పామి, మిగిలిన తడిని మెడకు అద్దుకుంటారు.

ఈ తక్కువ వాడకంతో కడుపుకు ముప్పు లేదుగదా అని ఊరుకోవడానికి లేదు. అసలు ప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది. చాలీచాలని పూతతో నొప్పి తగ్గదు, దాంతో "రాసినా తగ్గలేదు" అని మాత్ర వేసుకుంటారు. మాత్ర మొదలయ్యాక జెల్ ఆపరు. మాత్రను తప్పించడానికి పుట్టిన మందు మాత్రకు తోడైపోతుంది. ఒకసారి కిటికీ దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి చూపించిన మాత్రల ముక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. దుకాణంలో పట్టీని కత్తెరతో అడ్డంగా కత్తిరించి ఇవ్వడంతో మందు పేరులో సగం, గడువు తేదీలో సగం మాత్రమే మిగిలాయి. రేకు వెనుక మిగిలిన అక్షరాలను కూడబలుక్కుని చూస్తే అది ఏసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర. ఏసిక్లోఫెనాక్ అంటే డైక్లోఫెనాక్‌కు స్వయానా తోబుట్టువు. ఒంట్లోకి వెళ్లాక దానిలో కొంత భాగం డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. జెల్ కూడా రాస్తున్నావా అమ్మా అని అడిగితే, "పైన పూసుకుంటే ఏటవుతాది బాబూ, కడుపులోకి ఎల్తాదా?" అని ఆవిడ నన్నే ఎదురు ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆమెకు జెల్ అమ్మినవారు గాని, మాత్ర అమ్మినవారు గాని ఆ రెండూ ఒకే జాతి మందులని చెప్పలేదు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర మధ్యమధ్యలో వేయించుకునే నొప్పి సూది కూడా చాలాసార్లు ఇదే మందు. నొప్పి మాత్రలు వేసుకుంటున్న రోజుల్లో డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ జెల్ రాయకూడదన్న ఒక్క ముక్క మీ వ్యాసంలో ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

మా ప్రాంతం ఉద్దానం కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం ఎక్కువ పట్టుదల ఉందని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని మంచాన పడేసిందో రాష్ట్రమంతటికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించవలసి వచ్చింది. ఆ జబ్బుకు మూలకారణం ఇదని ఇంకా తేలలేదు, దాన్ని నొప్పి మందుల నెత్తిన రుద్దడం నా ఉద్దేశమూ కాదు. కాని కారణం ఏదైనా, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ జాతి మందులు మరింత చేటు చేస్తాయన్నదానిలో సందేహం లేదు. ఇక్కడ కొబ్బరితోటల్లో కూలికి వెళ్లేవారు, పొద్దస్తమానం గొంతుక్కూర్చుని జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు మోకాళ్ల నొప్పులతో తిరుగుతుంటారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోని మనిషికి, పూతే కదా, ఎన్నాళ్లైనా రాసుకోమని పత్రిక చెప్పడం మా జిల్లాలో తేలిక మాట కాదు.

మూత్రపిండాల జబ్బు ఒక్కటే కాదు. రక్తపోటుకు టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు వేసుకుంటూ, వాటితోపాటు నీరు లాగే మాత్ర కూడా వాడుతున్నవారికి నొప్పి మందు మూడోది తోడైతే మూత్రపిండాల మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. టెల్మిసార్టాన్, నీరు లాగే హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ ఒకే మాత్రలో కలిపి అమ్ముతారు గనుక తాము రెండు మందులు వాడుతున్నామన్న సంగతి చాలామందికి తెలియదు. గుండె కవాటం మార్పిడి జరిగి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గాని, అసెనోకౌమరాల్ గాని వాడేవారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవారు, ఎప్పుడైనా కడుపులో పుండుపడి రక్తం పోయినవారు, గుండెపోటు వచ్చినవారు, గుండె బలహీనతతో కాళ్లకు నీరు పట్టేవారు తమ డాక్టరును అడగకుండా ఈ జెల్ మొదలుపెట్టకూడదు. గుండె బైపాస్ ఆపరేషన్‌కు ముందూ వెనుకా అసలే వాడకూడదు. ఆస్పిరిన్ గాని మరో నొప్పి మాత్ర గాని వేసుకున్నప్పుడు ఆయాసమో, దద్దుర్లో వచ్చినవారికి పూత కూడా అంతే ప్రమాదం. వాడుతుండగా మలం తారులా నల్లగా వచ్చినా, పాదాలు ఉబ్బినా, మూత్రం తగ్గినా, ఊపిరాడకపోయినా ట్యూబు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి పూతతో అరుదు. మామూలుగా కనిపించేవి రాసినచోట దురద, పొడిబారడం, ఎర్రబారడం మాత్రమే.

రాసే తీరులో మన ఇళ్లలో అలవాటుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మోకాలికి కాపడం పెట్టడం మనకు తరతరాల అలవాటు. వేడినీళ్ల సంచి, మూటగట్టి వేడిచేసిన ఉప్పు, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు, ఏదో ఒకటి ఉంటుంది. కాపడంతో కొందరికి హాయిగా ఉంటుంది, దాన్ని నేను కాదనను. కాని జెల్ రాసి దాని మీద కాపడం పెట్టడం, లేదా జెల్ రాసి గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టి రాత్రంతా పడుకోవడం రెండూ చేయకూడదు. వేడికి చర్మంలో రక్తప్రసారం పెరుగుతుంది, గాలి ఆడని కట్టు కింద మందు లోపలికి ఇంకడం ఎక్కువవుతుంది, పై చర్మం కూడా చెడుతుంది. ఘాటైన మిరప మంటలాంటి మంట పుట్టించే పూతల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, క్యాప్సైసిన్ ఉన్న నొప్పి పూతలతో చర్మం కాలిన సంఘటనలు అరుదుగా అయినా జరిగాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2012లోనే హెచ్చరించింది. జెల్ రాశాక బట్ట తగలకుండా పది నిమిషాలు, నీళ్లు తగలకుండా గంట ఆగాలి. కాబట్టి స్నానానికి ముందు కాక, తర్వాత ఒళ్లు బాగా ఆరాక రాసుకోవడం మంచిది. పగుళ్లు, పుండ్లు, గజ్జి ఉన్నచోట రాయకూడదు. జీడిపిక్కల పనిలో చేతులు జీడి నూనెకు కాలి పొరలు లేచి ఉన్నవారు ఆ చేతులతోనే జెల్ పామడం నేను చూశాను. వాళ్లకు ఇంట్లో మరొకరి చేత రాయించుకోమనే చెప్పేవాణ్ణి. రాసినవారు వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, లేకపోతే అదే చెయ్యి కంటికో, చంటిబిడ్డ నోటికో తగులుతుంది.

నేను ఇంతవరకూ చెప్పిన గ్రాముల లెక్క డైక్లోఫెనాక్ ఒక్కటే ఉన్న జెల్‌కు సంబంధించినది. మన దుకాణాలలో ఎక్కువగా అమ్ముడుపోయేవి అవి కావు. డైక్లోఫెనాక్‌తోపాటు 10 శాతం మిథైల్ సాలిసిలేట్, 5 శాతం మెంథాల్, అవిసె నూనె కలిపిన మిశ్రమాలు. మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ వంశానికి చెందినది. అటువంటి మిశ్రమాన్ని రోజుకు 16 గ్రాములు పూస్తే 1.6 గ్రాముల సాలిసిలేట్‌ను చర్మానికి పట్టించినట్టే. కాబట్టి విదేశీ కొలతను తెచ్చి వీటికి అతికించకూడదు, పెట్టె మీద ఏముందో చూసి, డాక్టరును అడిగి పరిమితంగా వాడాలి. వార్ఫరిన్ వాడేవారికి ఈ సాలిసిలేట్ వల్ల రక్తం మరింత పలచబడే ప్రమాదం ఉంది. మిథైల్ సాలిసిలేట్ మింగితే విషమే, పసిపిల్లలకు కొద్దిపాటి చాలు. అందుకే ఈ ట్యూబును పళ్లు తోముకునే పేస్టు పక్కన, కిటికీ గూట్లో పెట్టవద్దని ప్రతి ఇంటికీ చెప్పవలసి ఉంది. చూపు ఆననివారికి చీకట్లో రెండు ట్యూబులూ ఒక్కలాగే ఉంటాయి.

ఇదే జాతికి చెందిన కీటోప్రోఫెన్ జెల్ వాడేవారికి ఎండ భయం ఉంది. రాసినచోట ఎండ తగిలితే చర్మం తీవ్రంగా బొబ్బలెక్కే ప్రమాదం ఉందని 2010లో యూరప్‌లో దీనిపై సమీక్ష జరిగి, వాడుతున్నన్నాళ్లూ, ఆపాక మరో రెండు వారాలూ ఆ చోటును ఎండ తగలకుండా కప్పి ఉంచాలని నిర్ణయించారు. పంచె పైకి కట్టి పొలంలో దిగే మనిషికి ఆ మందు రాసి ఇచ్చేముందు ఈ సంగతి చెప్పితీరాలి. డైక్లోఫెనాక్ రాసిన మోకాలిని కూడా ఎండకు పెట్టకపోవడమే మంచిది.

జెల్ ఎంత సరిగ్గా వాడినా అరిగిన గుజ్జు తిరిగి రాదు. నొప్పి తగ్గిన ఆ కొన్ని గంటలలో తొడ కండరాలకు బలం వచ్చే వ్యాయామం చేయగలగడమే దాని ప్రయోజనం, ఆ భాగం మీ వ్యాసకర్త బాగానే రాశారు. మోకాలు ఉన్నట్టుండి వాచి ఎర్రబడి వేడెక్కినా, దానితోపాటు జ్వరం వచ్చినా, పడి దెబ్బ తగిలినా, ఉదయం లేవగానే చేతివేళ్లు సహా కీళ్లన్నీ గంటసేపు బిగుసుకుపోతున్నా అది అరుగుదల కాకపోవచ్చు; పూతలతో కాలయాపన చేయకూడదు.

ఇప్పుడు నా విన్నపం. మందుల కంపెనీలు జెల్ పెట్టెలో తెలుగులో ఒక చిన్న కాగితం, దానితోపాటు ఒక కొలత గీత పెట్టేలా ఔషధ నియంత్రణ అధికారులు చూడాలి. ట్యూబు మడత మీద ఆవగింజంత ఆంగ్ల అక్షరాలతో ముద్రించిన హెచ్చరిక అరవై దాటినవారికి, అంటే ఆ మందును ఎక్కువగా వాడేవారికి, కనిపించదు. అది జరిగేదాకా వేలి కొలత ఉంది. 5 మిల్లీమీటర్ల మూతి ఉన్న ట్యూబు నుంచి పెద్దవాళ్ల చూపుడు వేలి కొన మొదలు మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అటువంటివి నాలుగైతే 2 గ్రాములు, ఎనిమిదైతే 4 గ్రాములు. మాత్రల పట్టీని కత్తిరించి ఇచ్చే దుకాణదారులు మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపును కొనుగోలుదారుకు ఇవ్వాలి, లేదా కవరు మీద పేరు రాసి ఇవ్వాలి. ఇది ఖర్చులేని పని.

మీరు ఆ వ్యాసానికి సవరణ వేయదలచుకుంటే, లోపలి పేజీ అడుగున కాక అదే ఆరోగ్య పేజీలో, కంటికి ఆనే అక్షరాలలో వేయవలసిందిగా కోరుతున్నాను. నొప్పి జెల్, నొప్పి మాత్ర, నొప్పి సూది డాక్టరు చెప్పకుండా ఒకే రోజు కలపకూడదన్న మాటను మాత్రం సవరణలో మొదటి వాక్యంగా పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
పలాస, శ్రీకాకుళం జిల్లా